ఒంగోలు పెయ్యకి "పెడిగ్రీ ఉంది" అంటే ఏంటి?

ప్రశ్న (టంగుటూరు నుంచి):
అన్నా, ఒక ఒంగోలు పెయ్యని బేరం చేస్తున్నాం. అమ్మేవాళ్లు మూపురం, గంగడోలు చూపించి "అసలైన జాతి, పైగా పెడిగ్రీ ఉన్న పెయ్య" అని రేటు పెంచుతున్నారు. మా నాన్నేమో జాతిది అయితే చాలదా, మళ్లీ ఈ పెడిగ్రీ ఏంటి అంటున్నారు. రెండూ ఒకటేనా? కాగితం ఏమన్నా ఉంటుందా?

జవాబు (కొండపి):
ఒకటి కాదు తమ్ముడూ. జాతి కంటికి కనపడుతుంది, పెడిగ్రీ కనపడదు. తల్లి ఏది, దాన్ని దాటిన ఆబోతు ఏది, వాటి తల్లీతండ్రులు ఏవి అని వరసగా రాసిపెట్టిన పుట్టుక లెక్క అది. మనవాళ్లు ఎప్పట్నుంచో అడిగేదే, "ఏ ఆవు కడుపున పుట్టింది, ఏ ఆబోతు సంతతి" అని. అప్పట్లో దేవుడి పేరున అచ్చువేసి వదిలిన ఆబోతు ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి నోటిమాట సరిపోయేది, ఇప్పుడు చేతులు మారి మారి వచ్చే పశువుకి నోటిమాట నమ్మి డబ్బు పెట్టొద్దు.

జవాబు (కందుకూరు, పశువైద్య శాఖలో పని):
తల్లి చెవికి పసుపు ట్యాగ్ ఉందా చూడండి, దాని మీద 12 అంకెల నంబరు ఉంటుంది. సూది (కృత్రిమ గర్భధారణ) వేయించి చూడి కట్టించి ఉంటే, వీర్యం గొట్టం మీద ఆబోతు నంబరు అచ్చు వేసి ఉంటుంది, దాన్ని తల్లి నంబరు కింద ఎక్కించాలి. ఆ రెండు నంబర్లూ చెప్పలేకపోతే పెయ్య ఎంత అందంగా ఉన్నా తండ్రి తెలియనట్టే లెక్క.

జవాబు (నెల్లూరు):
పెడిగ్రీ అనే మాటకి అర్థం కూడా బాగుంటుంది. పాత ఫ్రెంచిలో కొంగ పాదం అని, వంశవృక్షంలో గీతలు అలా చీలి ఉంటాయని ఆ పేరు. నాకు బాధేంటంటే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు మన నెల్లూరు జిల్లాలోదే, అందుకే బ్రెజిల్‌లో ఈ పశువుల్ని ఇప్పటికీ నెల్లూరు పేరుతో 'నెలోర్' అంటారు. 1960ల్లో ఇక్కణ్ణుంచి వెళ్లిన ఒక ఆబోతుకి మన కరవది ఊరి పేరే ఉంది, దాని సంతతిని వాళ్లు తరతరాలుగా పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చారు. పుట్టినిల్లు మనది, పుట్టుక చిట్టా వాళ్లది. మన దొడ్లో పుట్టిన ప్రతి దూడకీ కనీసం ఒక నోటుబుక్కులో తల్లీతండ్రుల పేర్లు రాయండయ్యా.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. తల్లి ఆవు వాళ్ల దొడ్లోనే ఉందంట. ఎల్లుండి పోయి ట్యాగ్ నంబరు రాసుకొస్తా.

జవాబు (కొండపి):
పొద్దున్నే పాలు పితికే వేళకి పో. తల్లి ఎన్ని ఇస్తుందో నీ కళ్లతో చూసుకో, ఎన్నో ఈతో కూడా అడుగు.