పేరు లేని పాత స్టాంపులు: ఏ సంస్థానానివో తేల్చేదెలా?

పాత_టపా:
పాత ఆల్బం ఒకటి సర్దుతుంటే నాలుగు రకాలు ఎటూ తేలడం లేదు.
ఒకటి: నిలువు స్టాంపు, నడుమ ఉర్దూ రాత, అంచున చిన్న తెలుగు అక్షరాలు. వాటర్‌మార్క్ (కాగితంలోనే ఉండే నీడ గుర్తు) లేదు. పెర్ఫరేషన్ (అంచు రంధ్రాల కొలత) 12½.
రెండు: శంఖం బొమ్మ, విలువ చక్రాల (పాత నాణేల) లెక్కలో.
మూడు: ఐదో జార్జి తల, చాక్లెట్ రంగు, అణాన్నర. ఇవి రెండున్నాయి. చూడ్డానికి ఒకటే, కేటలాగులో మాత్రం రెండు నంబర్లు.
నాలుగు: దేవనాగరి లిపి, అడ్డంగా రెండు కత్తులు, చుట్టూ రంధ్రాలు లేవు. రాజస్థాన్ సంస్థానాల్లో ఎక్కడా కనబడలేదు.

అర్ధణా:
మొదటిది నిజాం స్టాంపు. ఉర్దూ, తెలుగు, మరాఠీ ఒకే స్టాంపు మీద కనిపిస్తే ఇక వేరే చోట వెతకక్కర్లేదు. మీరు చెప్పినది 1871లో మొదలైన వరస, సేకర్తలు స్కెలిటన్ అంటారు. అర్ధణా నుంచి 12 అణాల దాకా విలువలున్నాయి. దాని మీద చిన్నగా ఉర్దూ ఓవర్‌ప్రింట్ (స్టాంపు పైన మళ్లీ అచ్చేసిన రాత) ఉంటే ‘సర్కారీ’ అని, అంటే ఆఫీసు వాడకానికి. ఆల్బంలో దాన్ని వేరే పేజీలో పెట్టాలి.
రెండోది తిరువాన్కూరు. శంఖం ఆ సంస్థానం గుర్తు, అక్కడి టపాకు ‘అంచల్’ అని పేరు. 16 కాసులు ఒక చక్రం. పైలు, అణాల లెక్క ఉండి ‘అంచల్’ అని కూడా ఉంటే అది చాలావరకు కొచ్చిన్.

కవరు_కాగితం:
12½ అన్నారు కదా, అది రీప్రింట్ (తర్వాత మళ్లీ అచ్చేసినది) కావచ్చు. హైదరాబాద్ అసలు స్టాంపులు 11½.

తలకిందుల_నక్షత్రం:
ఆ సూత్రం స్కెలిటన్లకు పనికిరాదు. 1869లో వచ్చిన ఒకణా, 1870లో వచ్చిన అర్ధణా, రెండణాలు, ఈ మూడింటి వరకే అది వర్తిస్తుంది. వాటి అసలు ప్రతులు 11½, తెల్ల కాగితం మీద 1880లో వేసిన రీప్రింట్లు 12½. స్కెలిటన్లు చాలా ఏళ్లు అచ్చయ్యాయి. మొదటివి గరుకు 11½, తర్వాతవి 12½, మధ్యలో పిన్ పెర్ఫ్ (సూదితో గుచ్చినట్టుండే రంధ్రాలు) కూడా ఉంది. కాబట్టి పాత_టపా గారి స్టాంపును 12½ అన్న ఒక్క కారణంతో పక్కన పడేయొద్దు. 1905కు ముందువాటికి వాటర్‌మార్క్ లేకపోవడమూ మామూలే.
కొలిచేటప్పుడు జాగ్రత్త. పెర్ఫరేషన్ అంటే 2 సెంటీమీటర్లలో పడే రంధ్రాల సంఖ్య, అంటే 11½కూ 12½కూ తేడా ఒక్క రంధ్రమే. గరుకు పెర్ఫరేషన్‌లో పళ్లు చిరిగి ఉంటాయి. పళ్ల కొనలు లెక్కపెడితే తప్పు వస్తుంది, గుంటల నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు లెక్కించండి. పై అంచు, పక్క అంచు రెండూ కొలవండి. ఒక పక్క మాత్రం పళ్లు మరీ శుభ్రంగా, నిటారుగా ఉంటే ఎవరో తర్వాత కొట్టినవేమో చూడాలి.

అర్ధణా:
అది నిజమే. 1931 బొమ్మల వరసకు ఈ బాధ లేదు. చార్మినార్ ఒకణా, హైకోర్టు రెండణాలు, ఉస్మాన్‌సాగర్ నాలుగణాలు, అజంతా ఎనిమిదణాలు. బొమ్మ చూస్తే చాలు.

నల్లపళ్లెం:
మూడోదానికి భూతద్దం తీయండి, 10 రెట్లది. కింద ఇంగ్లీషులో అణాన్నర అని అక్షరాల్లో రాసి ఉంటుంది. చివర ‘అన్నా’ అని ఆగితే 1919 నాటిది, ‘అన్నాస్’ అని ఎస్ కలిస్తే 1921 నాటిది. ఆ ఒక్క అక్షరమే రెండు నంబర్లకు కారణం.
జార్జి స్టాంపుల్లో మిగతా విలువలకు వాటర్‌మార్క్ తప్పదు. లండన్‌లో డి లా రూ కంపెనీ అచ్చేసిన 1911 వరసకు స్టాంపుకొక నక్షత్రం, నాసిక్‌లో 1926 నుంచి వేసినవాటికి అనేక నక్షత్రాలు. నల్లటి నున్నటి పళ్లెంలో స్టాంపును బొమ్మ కిందికి ఉండేలా పెట్టి, లైటర్లో పోసే పెట్రోలు రెండు మూడు చుక్కలు వేయండి. పలచబడ్డ కాగితం నల్లగా కనిపిస్తుంది, అక్కడే నక్షత్రం. ఆరేలోపు చూసేయాలి. కిరసనాయిలు వద్దు, జిడ్డు మరక పోదు. దగ్గర్లో దీపం, స్టవ్ ఉండకూడదు. రిపేరు చేసిన చిరుగులూ, పలచబడ్డ చోట్లూ ఇందులోనే బయటపడతాయి. కొనేముందు ఈ పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఖరీదైనవి కొనకపోవడమే మేలు.

కవరు_కాగితం:
నాలుగోది నేపాల్ అయ్యుంటుంది. అడ్డంగా ఉన్నవి కుక్రీలు (వంపు కత్తులు), పైన కిరీటం ఉందేమో చూడండి. 1881 నుంచి ఆ బొమ్మే. నాటు కాగితం అయితే వెలుతురుకు ఎత్తిపట్టినప్పుడు నార పీచు కనబడుతుంది. దేవనాగరి చూడగానే మనం సంస్థానాల్లోకి వెళ్లిపోతాం, అదే చిక్కు.

పాత_టపా:
కిరీటం ఉంది, పీచూ కనబడింది. అణాన్నరల్లో ఒకటి ‘అన్నా’, ఒకటి ‘అన్నాస్’. ఇంకొకటి మిగిలింది: విక్టోరియా రాణి, ‘ఈస్ట్ ఇండియా’ అనే ఉంది గానీ, టపా ముద్రలో బి, 172 అని ఉంది. పాత కాగితానికి అతుక్కుని ఉంది, నీళ్లలో వేయనా?

నల్లపళ్లెం:
వేయకండి! అది సింగపూర్ ముద్ర. 1867 వరకు అక్కడ మన స్టాంపులే నడిచాయి. స్టాంపు మామూలుదే అయినా విలువంతా ఆ ముద్రలో ఉంది. కాగితం ముక్క మీదే ఉంచండి, ముద్ర స్టాంపు దాటి కాగితం మీదికి పాకి ఉంటే అదే రుజువు. ఏడెన్, బర్మా వంటివీ ఇంతే. 1937 దాకా అక్కడ భారత స్టాంపులు వాడారు కాబట్టి ఊరి పేరు ముద్రలోనే చదవాలి.

తలకిందుల_నక్షత్రం:
నిజాం స్టాంపు, భారత స్టాంపు ఒకే కవరు మీద దొరికినా అంతే. నిజాం స్టాంపు సంస్థానం లోపలి టపాకే చెల్లేది, బయటికి పోవాలంటే భారత స్టాంపు కూడా అంటించాలి. అలాంటి కవర్ల నుంచి ముక్కలు కత్తిరించకూడదు.
ఇక నానబెట్టడం మామూలు స్టాంపులకే, గోరువెచ్చని నీళ్లలో పావుగంట. జమ్మూ కాశ్మీర్ తొలి స్టాంపుల్లో నీటిరంగులతో వేసినవి ఉన్నాయి, తడిస్తే బొమ్మే ఉండదు. ఊదా రంగు ముద్రలున్న కాగితం ముక్కల్ని కూడా విడిగా పెట్టండి, ఒకదాని రంగు పళ్లెంలో ఉన్నవాటన్నిటికీ పాకుతుంది.