రెనే లలీక్ నగల పని వదిలి గాజు ఫ్యాక్టరీ పెట్టడం పతనమా, ఎదుగుదలా?

నీలిగీత
చాలామందికి నచ్చదని తెలిసే రాస్తున్నాను. రెనే లలీక్ గొప్పతనం 1912తో, ఆయన నగలు వదిలేసినప్పుడే, అయిపోయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆయన చేసింది వ్యాపారం.

పేరు వినని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1860లో ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో, ఆయ్ అనే ఊళ్లో పుట్టాడు. పదహారేళ్లకు పారిస్‌లో లూయీ ఓకోక్ అనే నగల వ్యాపారి దగ్గర పనికి చేరాడు. ఇంగ్లండు వెళ్లి బొమ్మలు గీయడం చదువుకొని వచ్చి, కార్టియే, బుషెరాన్ లాంటి దుకాణాలకు డిజైన్లు గీసిచ్చాడు. 1885లో సొంత వర్క్‌షాప్ వచ్చింది. అప్పటికి పారిస్‌లో నగ అంటే వజ్రాలే. ఎన్ని పొదిగితే అంత గొప్ప. ఈయన కొమ్ము, దంతం, మీనా అనే రంగు పూత, ఒపల్ రాయి, గాజు తీసుకొని తూనీగలూ నెమళ్లూ పాములూ చేశాడు.

లిస్బన్‌లోని గుల్బెంకియన్ మ్యూజియంలో ఉన్న తూనీగ స్త్రీ పతకం ఫోటో ఒకసారి చూడండి. 1897-98లో చేసింది. తూనీగ నోట్లోంచి ఒక స్త్రీ నడుము దాకా పైకి లేచి ఉంటుంది. రెక్కల్లో మీనాకు వెనక రేకు ఉండదు, అందుకే వెలుతురు వాటి గుండా దాటిపోతుంది. కింద పెద్ద బంగారు గోళ్లు. చూస్తే భయమూ వేస్తుంది, కళ్లూ తిప్పుకోలేం. గుల్బెంకియన్ అనే చమురు కోటీశ్వరుడు ఒక్కడే ఆయన దగ్గర 140కి పైగా పనులు తీసుకున్నాడు. అలాంటి మనిషి తర్వాత సెంటు సీసాలూ, కారు ముందు బిగించే బొమ్మలూ అచ్చుల్లో వేల లెక్కన తీయించాడు. దీన్ని పతనం అనకపోతే ఇంకేమంటారు?

రాజోలురైలు
ఆ తూనీగను కరిగిస్తే ఎంత బంగారం వస్తుంది? నిజంగానే అడుగుతున్నాను. మా ఇళ్లలో నగ అంటే ఆపదకు బ్యాంకులో పెట్టుకునేది. కొమ్ముకీ గాజుకీ అప్పెవరిస్తారు?

నీలిగీత
రాజోలురైలు గారూ, ఆయన మార్చింది సరిగ్గా అదేనండీ. నగ విలువను తూకంలోంచి తీసి పనిలో పెట్టాడు. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఆయన స్టాల్ ముందు జనం కిక్కిరిసిపోయింది కేరట్లు చూడటానికి కాదు. రంగస్థల నటి సారా బెర్నార్ ఆయన చేత నగలు చేయించుకున్నదీ తాకట్టు కోసం కాదు.

అద్దాలమేడ
నీలిగీత గారూ, మీ కథలో సగమే ఉంది. నేను గాజు సీసాల కంపెనీలో డిజైన్ విభాగంలో పనిచేస్తున్నాను. కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

గాజు ఆయన జీవితంలోకి 1912లో ఊడిపడలేదు. 1890ల నుంచే నగల్లో గాజు పోత పోసి పెట్టేవాడు. మీరు మెచ్చుకున్న ఆ మీనా కూడా లోహపు గళ్ల మధ్య కరిగించిన రంగు గాజే కదా. అంటే మీరు చూసి మురిసిపోతున్న రెక్కలు గాజు రెక్కలు. ఆయన తన దారిలోనే ముందుకు వెళ్లాడు.

ఇక సెంటు సీసా అంటే అంత చిన్నచూపు దేనికి? అంతకుముందు ఖరీదైన సెంట్లు కూడా ఎక్కువగా మందుల షాపు సీసాల్లాంటి సాదా సీసాల్లోనే వచ్చేవి. 1908 ప్రాంతంలో కోటీ అనే సెంట్ల వ్యాపారి లలీక్‌ను కలిశాడు. వాసన చూసేలోపే కన్ను ఆగాలి, అదీ వాళ్ల ఆలోచన. ఇవాళ మీ ఇంట్లో ఉన్న ఏ సెంటు సీసాకైనా ఒక రూపం ఉందంటే ఆ ఇద్దరికీ కొంత బాకీ పడ్డట్టే. లలీక్ 1909లో కోంబ్-లా-విల్‌లో గాజు కార్ఖానా అద్దెకు తీసుకున్నాడు, 1913లో కొనేశాడు. 1921లో అల్సాస్‌లోని వింగెన్‌లో ఇంకో ఫ్యాక్టరీ పెట్టాడు. అది ఈనాటికీ నడుస్తోంది.

అచ్చులో తీసింది కళ కాదన్న మాట నేను ఒప్పుకోను. అచ్చు చెక్కడమే అసలు పని. అచ్చులోంచి వచ్చాక ఆమ్లంతో కొంత భాగం మసకగా చేస్తారు, కొంత భాగం మెరుగు పెడతారు, లోతుల్లో రంగు రుద్దుతారు. లలీక్ నీలిపాల రంగు గాజు ఉంది చూశారూ, మందం ఎక్కువ ఉన్నచోట పాలలా, పలచన చోట నీలంగా కనబడుతుంది. చల్లారే వేగం కొంచెం తేడా వచ్చినా ఆ రంగు మారిపోతుంది. మీట నొక్కితే వచ్చేది కాదది.

నీలిగీత
నా ప్రశ్నకు జవాబు రాలేదు. తూనీగ పతకం లాంటిది లోకంలో ఒక్కటే ఉంది. 1927 నాటి బాకాంత్ కూజా, అదే చుట్టూ నాట్యం చేసే స్త్రీలున్నది, ఇప్పటికీ తయారవుతోంది. డబ్బుంటే రేపు ఆర్డర్ పెట్టుకోవచ్చు. ఒక్కటే ఉన్నదీ, ఎన్ని కావాలంటే అన్ని ఉన్నదీ సమానం ఎలా అవుతాయి?

ఎడిసన్‌వాసి
లలీక్ గాజు కొనేటప్పుడు సంతకంలోని 'ఆర్' అక్షరంతో జాగ్రత్త. 1945లో ఆయన పోయాక కొడుకు మార్క్ పగ్గాలు తీసుకొని క్రిస్టల్‌కు మారాడు, సంతకంలోంచి 'ఆర్' తీసేశారు. దాంతో పాతకాలపు 'ఆర్. లలీక్' ముక్కలకు రేటు ఎక్కువ. నేను ఇక్కడ ఒక పాత సామాన్ల అమ్మకంలో గిన్నె కొన్నాను. తర్వాత చూపిస్తే ఆ అక్షరం కొత్తగా చెక్కిందని తేలింది. డబ్బు వెనక్కి రాలేదు.

అద్దాలమేడ
నీలిగీత గారూ, ఒక్కటే కావాలంటే గాజులోనూ ఉన్నాయి. మైనపు నమూనా చుట్టూ మట్టి పెట్టి, మైనం కరిగించి గాజు పోసేవాడు. బయటికి తీయాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే. వాటి మీద మైనపు నమూనా చేసినప్పటి వేలిముద్రలు కూడా దొరుకుతాయి. జెర్సీ దీవిలో సెయింట్ మాథ్యూ చర్చికి 1934లో శిలువ, తెరలు, కిటికీలు, తలుపులు అన్నీ గాజుతో చేశాడు. టోక్యోలో యువరాజు అసాకా ఇంటికి 1933లో గాజు తలుపులు చేశాడు. 1925 పారిస్ ఎగ్జిబిషన్‌లో సుమారు 15 మీటర్ల గాజు ఫౌంటెన్ నిలబెట్టాడు. ఇవన్నీ సెంటు సీసాలేనా?

ఇంకో మాట. మీరు చేత్తో చేసిందని పూజిస్తున్న ఆ నగల వెనకా యంత్రం ఉంది. పెద్ద సైజులో చేసిన నమూనాను చిన్నదిగా చెక్కే లేత్ ఒకటి ఉంటుంది, పతకాలూ నాణేలూ చేసేవాళ్లు వాడతారు. దంతం, కొమ్ము పనికి లలీక్ దాన్ని వాడాడు.

నీలిగీత
లేత్ అన్నది ఒక పనిముట్టు. ఉలి కూడా పనిముట్టే. అచ్చు వేరు. లేత్‌తో చెక్కాక కూడా మనిషి కూర్చొని పూర్తి చేయాలి.

అద్దాలమేడ
అచ్చులోంచి వచ్చాకా మనిషే కూర్చొని పూర్తి చేస్తాడని పైన రాశాను. మీరు చదివినట్టు లేరు.

నీలిగీత
చదివాను. రంగు రుద్దడం పూర్తి చేయడం కాదు.

రాజోలురైలు
లేత్ గురించే ఇంకా ఎంతసేపు?

కుంపటి
ఇద్దరూ పొద్దున్నుంచీ లలీక్ చేశాడు, లలీక్ పోశాడు, లలీక్ చెక్కాడు అంటున్నారు. ఆ పనులన్నీ ఆయన ఒక్కడే చేశాడా?

మాది కంసాలి ఇల్లు. మా నాన్న నలభై ఏళ్లకు పైగా ఊదుగొట్టం పట్టుకొని కుంపటి ముందు కూర్చున్నాడు. ఆయన చేసిన వంకీ ఒకదాన్ని ఒక పెద్ద షాపు పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేసుకుంది, 'మా డిజైనర్ల సృష్టి' అని కింద రాసి. నాన్నకు దక్కింది మజూరీ, అది కూడా తరుగు దగ్గర గొడవ పెట్టి కోసి ఇచ్చారు. ఆ పేపరు ముక్క ఇంకా ఇంట్లో ఉంది.

పారిస్ వర్క్‌షాప్‌లో మీనా కరిగించినవాళ్లున్నారు, కొమ్ము చెక్కినవాళ్లున్నారు, రాళ్లు పొదిగినవాళ్లున్నారు. లలీక్ మామగారు ఓగుస్త్ లెద్రు శిల్పి, ఆ కుటుంబం చేతులు కూడా ఆ పనిలో ఉన్నాయి. ఫ్యాక్టరీలో గాజు ఊదినవాళ్ల సంగతి సరేసరి. ముక్క మీద మాత్రం ఒక్క పేరే. నగల కాలంలో అయినా, గాజు కాలంలో అయినా పనివాడికి తేడా ఏముంది? మీ ఇద్దరి వాదనలోనూ పనివాడు లేడు.

ఎడిసన్‌వాసి
సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా విగ్రహం కిందా శిల్పి బెంజోని పేరొక్కటే ఉంటుంది. పాలరాయి పనికి ఎంతమంది చేతులు పడ్డాయో ఎవరికి తెలుసు.

నీలిగీత
కుంపటి గారూ, మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ ఈ టాపిక్ అది కాదు. చేత్తో చేసే పనిని అచ్చు మింగేసిందా లేదా అన్నది టాపిక్. నేను నగలకు డిజైన్లు చేత్తో గీసేవాణ్ని. ఒక షాపు వాళ్లు కంప్యూటర్ బొమ్మ, మైనం ప్రింటర్, పోత మొదలుపెట్టి మమ్మల్ని పంపేశారు. అప్పటి నుంచి అక్కడి హారాలన్నీ ఒకేలా ఉంటున్నాయి, ఆకు పక్కన ఆకు, పువ్వు పక్కన పువ్వు, కొలిచినట్టు. ఈ చౌక అచ్చు సరుకును కళ అని వెనకేసుకొచ్చేవాళ్లకు నగ అంటే ఏమిటో తెలియదు.

అద్దాలమేడ
ఇప్పుడు బయటపడ్డారు. చౌక అచ్చు సరుకు.

నేను చిలకలపూడి గిల్టు నగలు పెట్టుకొని పెరిగాను. మా అమ్మకు బంగారం కొనే స్తోమత లేదు. మా పెద్దమ్మ కూతురి పెళ్లిలో నా మెళ్లో గొలుసు పట్టుకొని 'ఇది గిల్టా?' అని పదిమందిలో అడిగారు. ఆ గొలుసు అచ్చులో తీసిందే. అందంగా ఉండేది. లోకంలో ఒక్కటే ఉన్న పతకం గుల్బెంకియన్ లాంటి చమురు కోటీశ్వరుడికి దొరుకుతుంది, మ్యూజియం వాడు తలుపు తీస్తే మిగతావాళ్లు చూస్తారు. లలీక్ గాజులోకి వచ్చాక ఒక గుమస్తా భార్య కూడా కోటీ సీసా కొని అద్దం ముందు పెట్టుకోగలిగింది. నాకు ఆయన అందుకే గొప్ప. మీకు అందం నలుగురికీ అందితే చౌక అయిపోతుంది. మీ బాధ గాజు గురించి కానే కాదు.

నీలిగీత
నేను మీ అమ్మగారి గురించి ఒక్క మాట అనలేదు. మీరే తెచ్చారు.

మోడరేటర్
కుటుంబాల జోలికి పోకుండా రాయండి. ఇంకోసారి ఇలా జరిగితే థ్రెడ్ మూసేస్తాం.

కుంపటి
అద్దాలమేడ గారూ, మీ బాధ నాకు అర్థమైంది, కానీ ఆ గుమస్తా భార్య బొమ్మను అంత పెద్దది చేయకండి. లలీక్ గాజు ఎక్కడెక్కడ ఉండేదో చూడండి. 1929 నాటి పుల్‌మన్ విలాస రైలు పెట్టెల గోడల మీద. 1935లో తొలి ప్రయాణం చేసిన నార్మండీ ఓడలో, మొదటి తరగతి భోజనశాల దీపాల్లో. సిట్రోయెన్ కార్ల కంపెనీ కోసం 1925లో చేసిన అయిదు గుర్రాల బొమ్మ బిగించాలంటే ముందు కారుండాలి. ఇది పేదవాళ్ల ఇంటి గాజు కాదు.

అద్దాలమేడ
పేదవాళ్లదని నేను అనలేదు. నగలతో పోలిస్తే ఎక్కువ మందికి అందిందన్నాను. మధ్యతరగతి కూడా మనుషులే.

నీలిగీత
సరే, ఇంత దూరం వచ్చాక నా మాట సూటిగా చెబుతాను. గాజు ఎంతమందికి అందింది అన్నది నాకు ముఖ్యం కాదు. ఒక మనిషి తల్లో పుట్టిన ఊహ ముక్కలో చెక్కుచెదరకుండా కనబడాలి. తూనీగలో అది కనబడుతుంది. పదివేల సీసాల్లో అది పలచబడింది. పేరు సంగతికొస్తే, ఊహ ఎవరిదో పేరు వాళ్లదే ఉండాలి. వంద మంది చేతులు పనిచేసినా ఆ తూనీగను కలగన్నది లలీక్ ఒక్కడే. నేను గీసిన హారాల మీద నా పేరు లేదు, నాకు కడుపు మండేది దానికే.

కుంపటి
అదన్నమాట. అంటే గీసినవాడు మనిషి, చేసినవాడు చెయ్యి.

మీరు కాగితం మీద గీసిన వంపును బంగారంలో తిప్పినప్పుడు అది విరగకుండా ఎక్కడ ఎంత వేడి పెట్టాలో తెలిసింది మా నాన్నకు. డిజైనర్ గీసిచ్చిన నాగరం పడగ అలాగే చేస్తే మెడకు గుచ్చుకుంటుందని చెప్పి, ఒంపు మార్చి చేసింది కూడా ఆయనే. వెనక రేకు లేని ఆ మీనా కొలిమిలో పగలకుండా బయటికి తెచ్చినవాడికి ఊహ లేదా? ఎన్ని రెక్కలు పగిలాక ఒక రెక్క నిలబడి ఉంటుంది?

నీలిగీత
నైపుణ్యం ఉంది. కాదనను. ఊహ వేరు.

అద్దాలమేడ
ఇక్కడ మాత్రం నేను కుంపటి గారి వైపు. మా కంపెనీలో నేను గీసిన సీసా మెడ సగం సార్లు అచ్చు చేసేవాళ్లే మారుస్తారు, వాళ్లు మార్చిందే బాగుంటుంది. కానీ అందుకని లలీక్ పేరు తీసేయమనలేం కదా.

కుంపటి
తీసేయమని ఎవరన్నారు? పక్కన ఇంకో పేరు చేర్చమంటున్నాను. నీలిగీత గారి హారం మీద ఆయన పేరు వేయండి, దాన్ని చేసినవాడి పేరు కూడా వేయండి. ఇందులో అభ్యంతరం ఏముంది?

నీలిగీత
ఉంది. చేసినవాళ్లు పదిమంది ఉంటే పది పేర్లు వేస్తామా? అప్పుడు ఆ హారం ఎవరిదని చెప్పాలి?

కుంపటి
పదిమందిదీ అని చెప్పాలి.