సోలోగా పాడుతున్న నేను లేబుల్‌కు మాస్టర్ హక్కులు రాసివ్వవచ్చా?

ప్రశ్న

నేను సొంతంగా పాటలు రాసి, బాణీ కట్టి, పాడి విడుదల చేస్తుంటాను. నాలుగేళ్ల క్రితం మా బృందం విడిపోయినప్పటి నుంచి ఒంటరిగానే పనిచేస్తున్నాను. ఇంట్లో రికార్డు చేసిన పదకొండు పాటలను ఒక డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్ట్రీమింగ్ వేదికలకు పంపాను. చిన్న కచేరీలతో నెట్టుకొస్తున్నాను. ఇప్పుడు ఒక లేబుల్ (పాటలు విడుదల చేసే సంగీత సంస్థ) వారు తర్వాతి ఆల్బమ్‌కు అడ్వాన్స్ ఇస్తామని ముందుకు వచ్చారు. ప్రతిగా ఆ రికార్డింగుల మాస్టర్ హక్కులు, అంటే అసలు రికార్డింగులపై యాజమాన్యం, శాశ్వతంగా తమకే చెందుతాయని, రాయల్టీలో నా వాటా 20 శాతమని ఒప్పంద పత్రంలో రాశారు. రాసింది నేనే కాబట్టి పాట ఎప్పటికీ నాదేనని వారి ప్రతినిధి భరోసా ఇస్తున్నారు. ఆ మాటను నమ్మి సంతకం చేయవచ్చా?

మొదటి సమాధానం (హక్కుల లెక్కలు చూసే వ్యక్తి)

ఆ ప్రతినిధి చెప్పినది అబద్ధం కాదు, కానీ సగం మాట. ఒకే పాటలో రెండు వేర్వేరు ఆస్తులు ఉంటాయి: సాహిత్యమూ బాణీ కలిసిన రచన ఒకటి, దాన్ని ఒక రోజు ఒక గొంతుతో బంధించిన రికార్డింగ్ మరొకటి. రచనకు ఐ.ఎస్.డబ్ల్యు.సి. అనే గుర్తింపు సంఖ్య, రికార్డింగుకు అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే ఐ.ఎస్.ఆర్.సి. విడివిడిగా ఉండటానికి కారణం ఇదే. మీ పత్రం ప్రకారం రచన మీ దగ్గరే ఉంటుంది, రికార్డింగ్ వెళ్లిపోతుంది. దాన్ని సినిమాకో ప్రకటనకో ఇవ్వాలన్నా, వేదికల నుంచి తొలగించాలన్నా ఇక నిర్ణయం వారిదే.

రచన చేతిలో మిగలడం చిన్న విషయమేమీ కాదు. టేలర్ స్విఫ్ట్ తొలి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు 2019లో చేతులు మారినప్పుడు, 2021 నుంచి ఆమె వాటిలో నాలుగింటిని మళ్లీ పాడి విడుదల చేయగలిగారంటే, ఆ పాటల రచనలో ఆమెకు హక్కు ఉండటమే ఆధారం. పాత మాస్టర్లను 2025లో తిరిగి కొనుక్కున్నారు. ఆమెకున్న శ్రోతలు, సొమ్ము మనకు లేవు కాబట్టి ఆ దారి మనకూ తెరిచే ఉందని అనుకోకండి. పైగా కొన్నేళ్లపాటు మళ్లీ రికార్డు చేయకూడదన్న షరతు ఇలాంటి ఒప్పందాల్లో మామూలే. మీ పత్రంలో వెతకండి.

ఇక అడ్వాన్స్ సంగతి. అది బహుమతి కాదు, మీ రాయల్టీలోంచి ముందుగా తీసి ఇస్తున్న డబ్బు. అడ్వాన్సూ రికార్డింగ్ ఖర్చూ కలిపి 100 అనుకుందాం. మీ బాకీ మీ 20 శాతం వాటాలోంచే తీరాలి కాబట్టి, ఆ రికార్డింగ్ 500 సంపాదించేదాకా మీ చేతికి కొత్తగా ఏమీ రాదు. ఆ 500లో మిగిలిన 400 లేబుల్‌దే. వీడియో, ప్రచారం ఖర్చులను కూడా మీ ఖాతాలోనే రాస్తే ఆ గీత ఇంకా దూరం జరుగుతుంది.

రెండో సమాధానం (చాలాకాలంగా సోలోగా పాడుతున్న గాయని)

హక్కుల గురించి పైన చెప్పినదంతా సరైనదే, కానీ హక్కులు ఉంచుకున్నంత మాత్రాన పని జరగదు. అమెరికన్ గాయని అనీ డిఫ్రాంకో 1990లో సొంత లేబుల్ పెట్టుకుని మాస్టర్లను తన దగ్గరే ఉంచుకున్నారు నిజమే, అయితే దాని వెనుక ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి చేసిన కచేరీలు ఉన్నాయి. స్ట్రీమింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు: స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఒక స్ట్రీమ్‌గా లెక్కిస్తారు, 2024 నుంచి గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. శ్రోతలు నేరుగా పాటలు కొనుక్కునే బ్యాండ్‌క్యాంప్ వంటి చోట డిజిటల్ అమ్మకంలో వేదిక మామూలుగా తీసుకునేది 15 శాతమే. నా పాట కొన్న నలభై మందే నాకు ఎక్కువ ఆసరా అయ్యారు.

వేదిక మీద సోలోకు ఒక లాభం ఉంది, పారితోషికం పంచుకోనక్కర్లేదు. తీగ తెగితే మాత్రం, దాన్ని మార్చేంతసేపూ జనంతో కబుర్లు చెప్పాల్సిందీ మనమే. (నేను ఇప్పుడు రెండో గిటారు లేకుండా ఎక్కడికీ వెళ్లను.) లేబుల్ వారిని మీరు అడగాల్సింది వారి మనుషుల గురించి: కచేరీలు ఎవరు కుదురుస్తారు, రేడియోకు, పత్రికలకు ఎవరు రాస్తారు, ఆ పేర్లు పత్రంలో లేకపోయినా బాధ్యతలైనా ఉన్నాయా? లేకుంటే వారు ఇస్తున్నది ఖరీదైన అప్పు మాత్రమే.

మూడో సమాధానం

నేను ఒకప్పుడు లేబుల్‌తో పనిచేశాను, అందుకు చింతించడం లేదు. ఒంటరిగా ఉంటే నా పాట చేరని చోట్లకు వారు చేర్చారు. అయితే మాస్టర్లను అమ్మలేదు, ఏడేళ్లకు లైసెన్సుగా ఇచ్చాను, గడువు తీరాక అవి తిరిగి వచ్చాయి. వాటా శాతం గురించి గొడవపడే ముందు ‘శాశ్వతంగా’ అన్న మాట తీసేసి ఏళ్ల సంఖ్య రాయమని అడగండి. తర్వాతి ఆల్బమ్‌లపై వారికి ముందస్తు హక్కు ఉందేమో కూడా చూడండి. ఈ రంగం తెలిసిన న్యాయవాదికి ఒకసారి చూపించడానికయ్యే ఖర్చు దండగ కాదు.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పాక పత్రాన్ని మళ్లీ చదివాను. తర్వాతి రెండు ఆల్బమ్‌లు కూడా ముందుగా వారికే ఇవ్వాలని తొమ్మిదో పేజీలో ఉంది. గడువున్న లైసెన్సు కావాలని ఈరోజే రాశాను. ఇంకొక సందేహం: కొత్త పాటల్లో మూడింటికి ఒక మిత్రుడు గిటారు వాయించాడు, అతనితో కాగితం ఏదీ రాసుకోలేదు.

మొదటి సమాధానం ఇచ్చినవారు

లేబుల్‌తో మాట సాగించే ముందే అది రాసుకోండి. అతను వాయించడం వరకే చేశాడా, బాణీలో కూడా చేయి కలిపాడా అన్నది తేల్చుకుని, రచనలో వాటా ఉంటే ఎంత శాతమో, లేకపోతే ఎంత పారితోషికానికి వాయించాడో ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. పాటకు ఇంకా డబ్బు రాని రోజుల్లో ఈ సంభాషణ పది నిమిషాల్లో ముగుస్తుంది.