14416 ఉండగా మిగతా హెల్ప్‌లైన్లకు ప్రభుత్వ డబ్బు ఎందుకు?

గోదారిగట్టు:
2022 అక్టోబర్ 10న కేంద్రం మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ (నంబరు 14416) మొదలైంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పర్యవేక్షణ, 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. అయినా స్వచ్ఛంద సంస్థల నంబర్లు ఎవరివి వాళ్లవే. 14416 ఒక్కటే ఉంచి డబ్బంతా దానికే ఇవ్వాలి, రాష్ట్రం కూడా వాటా పెట్టాలి.

రాత్రిడ్యూటీ:
అది ఎంగేజ్ వస్తే? నేను ఒక సంస్థ హెల్ప్‌లైన్‌లో రెండేళ్లు రాత్రిపూట ఫోన్లు ఎత్తాను. గ్రాంటు ఆగి మూడు నెలలు జీతం రాలేదు, శిక్షణ పొందిన నలుగురిలో ముగ్గురు మానేశారు. టెలీమానస్ సంగతే చూడండి, కేంద్రం 2023-24లో 133.73 కోట్లు కేటాయించి 2024-25లో 90 కోట్లకు దించింది. దాన్నే నమ్ముకుని మిగతావి మూసేయాలా?

గోదారిగట్టు:
మూసేయమని నేనెక్కడన్నాను?

సీతాకోక:
ఆ టెన్షన్‌లో పది నంబర్లు ఎవరికి గుర్తుంటాయండీ. 108 లాగా ఒక్కటే ఉండాలి.

రాత్రిడ్యూటీ:
108కి చేస్తే అంబులెన్సు వస్తుంది. ఇక్కడ వచ్చేది ఒక గొంతు. రెండూ ఒకటెలా అవుతాయి? పైన "డబ్బంతా దానికే" అన్నారు, అంటే మూసేయమనే కదా.

గోదారిగట్టు:
మీ జీతం బాధ తప్ప ఇంకేం కనపడదా? మా తమ్ముడు ఒక రాత్రి ఏదో సంస్థ నంబరుకి చేసి గంటసేపు మాట్లాడాడు. వాళ్లు బాగానే మాట్లాడారు, కాదనను. ఆ తర్వాత? ఎలా ఉన్నావని మళ్లీ ఒక్క ఫోన్ లేదు, జిల్లా ఆసుపత్రికి కబురు లేదు. పదిరోజులకి మేమే వాణ్ణి ఎమర్జెన్సీకి మోసుకెళ్లాం. టెలీమానస్‌లో కౌన్సెలర్ పైన డాక్టర్లుంటారు, అవసరమైతే ఆసుపత్రికి పంపే దారి ఉంది. నేనడిగేది ఆ దారి. నంబరు ఏదైతే నాకేం!

రాత్రిడ్యూటీ:
ఇప్పుడు అసలు మాట చెప్పారు. తమ్ముడి విషయం తెలియక గట్టిగా మాట్లాడాను, క్షమించండి. కానీ నాకు ఫోన్ చేసినవాళ్లలో చాలామంది మొదట అడిగింది "నా పేరు రాసుకుంటారా" అనే. పోలీసులొస్తారనీ ఇంట్లో తెలుస్తుందనీ భయం. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది, అది ఎంతమందికి తెలుసు? వివరాలు ఆసుపత్రికి వెళ్తాయంటే వాళ్లు ఫోనే చెయ్యరు.

సీతాకోక:
ఫోన్ చేసినవాళ్లనే అడగొచ్చుగా, రేపు మళ్లీ చెయ్యమంటారా అని.

రాత్రిడ్యూటీ:
మేం అడిగేవాళ్లం. సరేనన్నవాళ్లకి మర్నాడు చెయ్యడానికే మనుషులుండేవారు కాదు. గ్రాంటు గురించి నా గొడవంతా అందుకే.

గోదారిగట్టు:
అడిగుంటే మావాడు సరేననేవాడు. అంతవరకు నాకు తెలుసు.