సింగరేణి గనుల శాటిలైట్ చిత్రాలు: పెద్ద ప్రింట్ ఎక్కడ వేయించాలి?

రామగుండం చుట్టూ ఉన్న సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల మీద బొమ్మలు చేస్తున్నాను. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 తీసిన చిత్రాల్లో నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను (కంటికి కనిపించని కాంతిని) ఎరుపుగా చూపిస్తే చెట్లూ పొలాలూ ఎర్రబడతాయి, బొగ్గు గొయ్యి మాత్రం నల్లగానే ఉంటుంది. ఆ నలుపులో మెట్లుమెట్లుగా దిగే బెంచీలు, పక్కన మట్టిగుట్టలు కనిపించాలి. నాకు ముఖ్యం అదే.

అయితే ఒక్కో పిక్సెల్ నేల మీద 10 మీటర్లు. నాలుగడుగులకు పెంచితే అంచులు మసకబారుతున్నాయి. ఏఐతో పెంచితే లేని దారులు పుట్టుకొస్తున్నాయి. రంగులు మారుస్తాను గానీ నేలను మార్చలేను, ఆ గనుల కింద ఊళ్లు పోయినవాళ్లు కూడా చూస్తారు కదా! వేరే పద్ధతి ఉందా?

హైదరాబాద్‌లో మ్యాట్ కాటన్ పేపర్ మీద నలుపులో వివరం పోకుండా ప్రింట్ వేసేవాళ్లు తెలిస్తే చెప్పండి, మాసాబ్ ట్యాంక్ వైపైతే ఇంకా మంచిది. బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల మ్యాప్‌ల వెబ్‌సైట్ భువన్‌లోని చిత్రాలు ప్రదర్శనకు వాడాలంటే అనుమతి ఎలా అడగాలి?