రొయ్యల చెరువు తవ్వుతుంటే ఫిరంగి బయటపడింది. ఎండబెట్టాలా, తడిపి ఉంచాలా?

కోరంగి కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మాది తాళ్ళరేవు మండలం. కౌలుకి తీసుకున్న రొయ్యల చెరువు లోతు చేయిస్తుంటే జేసీబీ బకెట్‌కి ఏదో గట్టిగా తగిలింది. పాత బోరు పైపు అనుకున్నాం. బురద కడిగి చూస్తే రెండు పక్కలా పొట్టి ఇరుసులు, వెనకాల గుండ్రటి బొడిపె. ఫిరంగేనండి! పొడవు నాలుగున్నర అడుగులు, మూతి లోపల కొలిస్తే మూడంగుళాలకి కాస్త తక్కువ.

నిన్నట్నుంచి గట్టు మీద ఎండలో ఉంది. నల్లగా పెచ్చులు రాలుతున్నాయి. పాత ఇనుము కొట్టాయన అప్పుడే వచ్చి కిలో లెక్కన బేరమాడాడు. మా బావేమో శాండ్‌బ్లాస్టింగ్ (ఇసకని జోరుగా చిమ్మి తుప్పు రాల్చడం) చేయించి, సిల్వర్ పెయింటేసి ఇంటి ముందు సిమెంటు దిమ్మ మీద పెడదామంటున్నాడు. భూమి నాది కాబట్టి అదీ నాదే అని చేనుగలాయన. పాత యుద్ధ సామాన్లు సేకరించేవాళ్ళు ఇక్కడున్నారని విన్నా. ఏం చెయ్యమంటారు?

లంకల రాజు:
ముందు లోపల చెయ్యిపెట్టి చూడు గురూ, బంగారం దాచారేమో 😀

తోపుఖానా తాతయ్య, పాలకొల్లు:
లోపల చెయ్యి పెట్టకు బాబూ. ముందు దాని మీద తడి గోనెసంచులు కప్పేసి రా. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

కప్పావా? ఇప్పుడు విను. పోత ఇనుము ఉప్పునేలలో వందల ఏళ్ళు పడి ఉంటే అందులో ఇనుము మెల్లగా కరిగిపోద్ది. మిగిలేది గ్రాఫైటూ తుప్పూ కలిసిన నల్లటి పొర. పెన్సిల్లో ఉండే గ్రాఫైటే అది. చూడ్డానికి ఫిరంగి ఆకారం చెక్కు చెదరకుండా ఉంటుంది గానీ, పైపొరని చాకుతో కొయ్యొచ్చు. ఆ పొరలో ఉప్పు చేరి ఉంటుంది. గాలి తగిలి ఆరేకొద్దీ లోపల కొత్త తుప్పు పుట్టి, ఉబ్బి, పొరని బయటికి నెట్టేస్తుంది. నీకు రాలుతున్న పెచ్చులు అవే. పోత పోసినవాడు వేసిన గుర్తులు, బరువు అంకెలు ఏమున్నా ఆ పొర మీదే ఉంటాయి. శాండ్‌బ్లాస్టింగ్ చేయిస్తే అన్నీ పోయి, ఎవరిదో ఎప్పటిదో తెలియని ఇనప దుంగ మిగులుద్ది. ఇనప బ్రష్షు కూడా వద్దు. పెయింటు సంగతి మీ బావగారు మళ్ళీ ఎత్తితే ఇది చదివి వినిపించు.

రెండోది ప్రాణం సంగతి. మందూ గుండూ దట్టించి, పేల్చకుండా వదిలేసిన ఫిరంగులు దొరుకుతుంటాయి. మూతికి ఎదురుగా ఎవరినీ నిలబెట్టకు. పక్కన నిలబడి, తడిపిన వెదురు బద్ద ఒకటి మెల్లగా లోపలికి పోనియ్యి. ఎంతవరకు వెళ్ళిందో గుర్తుపెట్టుకుని, అదే బద్దని బయట గొట్టం వెంబడి ఆనించి చూడు. వెనక వత్తి రంధ్రం దాకా రావాలి. బాగా ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. బురదే కావచ్చు, గుండే కావచ్చు. ఇనప చువ్వతో పొడవడం, డ్రిల్లు పెట్టడం, గ్యాస్ కటింగ్, వెల్డింగ్ ఏదీ వద్దు. అనుమానముంటే పోలీసులకి చెప్పు, బాంబు స్క్వాడ్‌ని వాళ్ళే పిలుస్తారు.

లోపల ఏమీ లేదని తేలితే తొట్టి కట్టు. మీ దగ్గర చెరువులకి పరిచే లైనర్ షీటు ఉంటుందిగా, నేల మీద గుంట తీసి అది పరిస్తే చాలు. చెరువు నీళ్ళు కాదు, మంచినీళ్ళు. లీటరుకి 50 గ్రాముల లెక్కన బట్టల సోడా కలిపి, ఫిరంగి పూర్తిగా మునిగేట్టు ఉంచు. నెలకోసారి నీళ్ళు మార్చి, పాత నీళ్ళ శాంపిల్ మీ ఆక్వా ల్యాబుకి పంపి క్లోరైడ్, అంటే ఫిరంగిలోంచి దిగిన ఉప్పు, ఎంతుందో చూపించు. నీ దగ్గరున్న, ఉప్పదనం కొలిచే సెలినోమీటర్‌కి అంత తక్కువ ఉప్పు అందదు. క్లోరైడ్ దిగటం ఆగేదాకా ఇదే పని. నెలలు దాటి ఏళ్ళు పట్టినా ఆశ్చర్యపోకు. ఆ తర్వాత ఆరబెట్టి టానిక్ యాసిడ్, మైనం పూత వెయ్యాలి. అది పురావస్తు శాఖ రసాయన విభాగం వాళ్ళకి వదిలెయ్యి.

నేను ఆర్టిలరీలో ఇండియన్ ఫీల్డ్ గన్ మీద పనిచేసి వచ్చినవాణ్ణి. ఇంట్లో ఫిరంగి పెట్టుకోవాలన్న మోజు లేదు. గుళ్ళు, ఇత్తడి షెల్ కేసులు, పతకాలు పోగుచేస్తాను. అందులోనూ మోసాలు తక్కువేం కాదు. ఖనిజాలు నూరే మిల్లుల ఉక్కు బంతులు తెచ్చి ఫిరంగి గుళ్ళని అమ్ముతారు. మొరాదాబాద్ ఇత్తడి బొమ్మ ఫిరంగికి బూడిద రాసి ఫ్రెంచి సేనాని బుస్సీ కాలందంటారు.

నాకు ఇష్టం మాత్రం పతకాలే. మా అమ్మగారిది మిలటరీ మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్ళారు. మొదటి యుద్ధం వెండి పతకం అంచు చూస్తే సిపాయి నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. అలాంటిది కంసాలి కొట్లో గ్రాముల లెక్కన కరిగిపోతుంటే కడుపు తరుక్కుపోద్ది.

ఇంకోటి, ఊరి పేరూ సర్వే నంబరూ ఇక్కడ పెట్టకు. ఇన్‌బాక్స్‌లో రేటు మాట్లాడదాం అంటూ వచ్చేవాళ్ళకి జవాబియ్యకు.

ప్లీడరు గుమాస్తా, అమలాపురం:
తాతయ్య గారు చెప్పిందానికి కాగితాల సంగతి కలుపుతాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాసి ఇవ్వాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు, విలువ సుమారెంత అన్నవి రాసి, వస్తువుని సర్కారు ట్రెజరీలో అప్పగించాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని కలెక్టరుకి పూచీ ఇవ్వాలి. రాయకుండా అమ్మితే కేసవుద్ది. హక్కుదారులెవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికించుకున్నవాడికి ముప్పాతిక, స్థలం ఆసామికి పాతిక. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకి అయిదో వంతు కలిపి ఇస్తుంది. మరి దొరికించుకున్నది మీరా, జేసీబీ డ్రైవరా అన్న తగాదా మాత్రం నా దగ్గరికి తేకండి బాబూ.

ఆయుధాల చట్టం గురించి భయం అక్కర్లేదు. 1959 చట్టం 45వ సెక్షన్లో, మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాలకి మినహాయింపుంది. నూరేళ్ళు దాటింది కాబట్టి 1972 పురావస్తువుల చట్టం కిందికొస్తుంది. దేశం దాటించడం మాత్రం కుదరదు.

కోరంగి కుర్రోడు:
గోనెసంచులు కప్పేశాం తాతయ్య గారూ, గంటకోసారి తడుపుతున్నాం. బద్ద రంధ్రం దాకా వెళ్ళింది, బురదే వచ్చింది. రాత్రి టార్చి అడ్డంగా కొట్టి చూస్తే వెనక భాగంలో 7, 1, 7 అని మూడంకెలు కనిపించాయి. 1717లో చేసిందా? మా వాళ్ళందరూ చందుర్తి యుద్ధం నాటిదే అంటున్నారు.

తోపుఖానా తాతయ్య, పాలకొల్లు:
శభాష్! అది సంవత్సరం కాదు, బరువు. ఇంగ్లీషువాళ్ళ పద్ధతి. మొదటి అంకె హండ్రెడ్‌వెయిట్లు, ఒక్కోటి 112 పౌండ్లు. రెండోది అందులో పావులు, అంటే 28 పౌండ్లు. మూడోది విడి పౌండ్లు. 784, 28, 7 కలిపితే 819 పౌండ్లు, మన లెక్కలో 371 కిలోలు. మూడు పౌండ్ల గుండు పేల్చే నాలుగున్నర అడుగుల ఫిరంగికి సరిగ్గా ఆ తూకమే ఉంటుంది, మూతి కొలత కూడా సరిపోయింది. ఇప్పుడు కాటా వేస్తే అంత రాదు, ఇనుము కొంత మట్టిలో కలిసిపోయింది కదా.

చందుర్తి మాట నేను ఒప్పుకోను. 1758 డిసెంబరులో ఇంగ్లీషు ఫోర్డు, ఫ్రెంచి కాన్‌ఫ్లాన్స్ సైన్యాలు కొట్టుకున్నది గొల్లప్రోలు అవతల. పైగా మైదానంలో లాక్కెళ్ళే ఫిరంగులు ఎక్కువగా కంచువి. ఇలాంటి పోత ఇనుపవి ఓడలకీ, కోటలకీ, వర్తక స్థావరాలకీ. మీ చుట్టుపక్కలే ఇంజరంలో ఇంగ్లీషు స్థావరం, యానాంలో ఫ్రెంచివాళ్ళు, కోరంగిలో ఓడల రేవు. 1757లో బుస్సీ ఇంజరాన్ని పట్టుకున్నాడు. 1839 తుపాను కోరంగిని ఊడ్చిపెట్టింది. ఓడ మీది చిన్న ఫిరంగి అని నా మనసుకి అనిపిస్తోంది గానీ, ఇరుసుల చివర ఏముందో చూడకుండా పందెం కాయను. అక్కడ అక్షరాలుంటే పోత పోసినవాడి గుర్తు. గొట్టం పైన గుండె ఆకారంలో గుర్తుంటే ఈస్టిండియా కంపెనీది, బాణం గుర్తుంటే ఇంగ్లీషు సర్కారుది. తడి గుడ్డతో మెల్లగా అద్దు, రుద్దకు. తీసిన చోటు కూడా ఫొటోలు తీసి పెట్టు. చెక్క ముక్కలు, మేకులు కనిపిస్తే ఓడ సంగతి తేలిపోద్ది.

కోరంగి కుర్రోడు:
చెక్క ముక్కలు రెండు బకెట్ మట్టిలో ఉన్నాయండి, పక్కన పెట్టా, అవీ తడిగానే ఉంచా. చేనుగలాయన కూడా సంతకం పెడతానన్నాడు, రేపు అర్జీ ఇస్తున్నాం. ఒక్కటే సందేహం. నెలనెలా మార్చే సోడా నీళ్ళు పక్క చెరువులోకి వదిలెయ్యొచ్చా?

తోపుఖానా తాతయ్య, పాలకొల్లు:
వద్దు వద్దు, పీహెచ్ పెరిగి రొయ్య చచ్చిపోద్ది. డ్రమ్ములో పట్టి, చెరువులకీ పంటబోదెకీ దూరంగా బీడు నేల మీద కొంచెం కొంచెంగా పొయ్యి. అర్జీకి రశీదు తీసుకోవడం మర్చిపోకు.