సాయం పోయిన మావా, సయాం పోయిన మావా?

నాగావళి:
మా తాతమ్మ పాట ముక్క ఒకటి బుర్రలో తిరుగుతోంది. వాళ్ళది మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటల్లో పనిచేసి, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక శ్రీకాకుళం వైపు తిరిగొచ్చిన కుటుంబం. దంపుళ్ళప్పుడు పాడేదట.

సాయం పోయిన మావ రానేదు
అరిటాకు నోటుకి అంబలి రాదు

మా అమ్మ ‘సాయం’ అంటుంది, పెద్దమ్మ ‘సయాం’ (థాయ్‌లాండ్ పాత పేరు) అంటుంది. తర్వాతి పాదం ఇద్దరికీ గుర్తులేదు. ఎవరైనా విన్నారా?

గణపరీక్ష:
సాయమే. సందేహం అక్కర్లేదు. మాత్రలు లెక్కపెట్టండి: సాయం నాలుగు, పోయిన నాలుగు, మావ మూడు, రానేదు ఐదు. మొత్తం 16. రెండో పాదంలో అరిటాకు ఐదు, నోటుకి నాలుగు, అంబలి నాలుగు, రాదు మూడు. అదీ 16. సయాం పెడితే మొదటి పాదం కుంటుతుంది.

క్లాంగ్ కోడలు:
మాస్టారూ, రోకలి పట్టుకున్నవాళ్ళు ‘నోటుకి’ దగ్గర ఆగి ‘అంబలి’ ఎత్తుకుంటారా? ‘నోటుకంబలి’ అంటారు. అప్పుడు రెండో పాదం 15. సయాంతో మొదటిదీ 15. మీ లెక్కే మా వైపు వచ్చింది.
లెక్క పక్కన పెట్టినా, ఇక్కడ మలేషియా తోటల కుటుంబాల్లో తమిళులైనా తెలుగువాళ్ళైనా ‘సయాం పోయాడు’ అంటే, యుద్ధంలో మలయాని ఆక్రమించిన జపాను వాళ్ళ రైలు పనికి పోయాడనే. సయాం నుంచి బర్మాలో తన్బ్యుజాయత్ దాకా 415 కిలోమీటర్లు అడవి కొట్టి, 1943 అక్టోబరుకి పట్టాలు కలిపారు. తెల్ల ఖైదీలకు కనీసం వాళ్ళ డాక్టర్లు, వాళ్ళ ఆఫీసర్లు ఉన్నారు, ఇప్పుడు సయాంలోని కాంచనబురిలో వరసగా సమాధులున్నాయి. ఆ ఏడాది వానల్లో కలరాకి పోయిన మన కూలీలకు ఎవరూ పేరు చెక్కిన రాయి పెట్టలేదు.

ఇసుక గడియారం:
రెండూ కాదేమో. సాయం అంటే సాయంకాలం. ఊరికే సినిమా వేస్తామని జనాన్ని పోగుచేసి, తలుపులు మూసి లారీల్లో ఎక్కించిన సంగతులు ఆ తరం వాళ్ళు చెప్పేవారు. సాయంత్రం ఆటకి పోయిన మావ రాలేదన్నమాట.

గణపరీక్ష:
‘సాయం’ ఒక్కటే సాయంకాలమని ఏ దంపుళ్ళ పాటలో విన్నారండీ? ‘మాపటేల’ అంటారు, ‘పొద్దుగూకి’ అంటారు. సాయంసంధ్య పంతుళ్ళ మాట.

ఇసుక గడియారం:
జపాను వాళ్ళు గడియారాలన్నీ టోక్యో టైముకి తిప్పించారు. మలయాలో గంటన్నర ముందుకి. ఆ లెక్కన పొద్దుగూకకుండానే సాయంత్రం ఆరయ్యేది. అందుకే పొద్దుతో సంబంధం లేని మాట వాడారేమో. ఊరికే అంటున్నా, కొట్టకండి.

చింతతోపు:
నాకు సాయమే ఇష్టం, కానీ మాస్టారి కారణంతో కాదు. అందులో వెటకారం ఉంది. తెల్లదొరలు పారిపోయాక తోటల్లో మిగిలింది కిరాణీలు (గుమాస్తాలు), కంగాణీలు (కూలీల మేస్త్రీలు). ‘ఓ మూడు నెలలు సాయానికి వెళ్ళి రండి, కూలి ఇస్తారు, బియ్యం ఇస్తారు’ అని పంపింది వాళ్ళే. ఎదురు మాట్లాడినవాడి పేరు లిస్టులో ముందుండేది. ఆ తీపి మాటనే పాటలో తిప్పికొట్టారు.

రేవు:
మా తాతగారు కిరాణీయే, చింతతోపు గారూ. తోటకి ఇంతమంది అని పైనుంచి హుకుం వస్తే లిస్టు రాయకుండా ఎలా ఉంటాడు? రాయకపోతే కెంపెతాయ్ వాళ్ళు, అంటే జపాను సైనిక పోలీసులు వచ్చేవారు, వాళ్ళ స్టేషనుకి వెళ్ళి సాఫీగా తిరిగొచ్చినవాడు తక్కువ. లిస్టు తప్పించుకోడానికి కుర్రాళ్ళు నేతాజీ సైన్యంలో చేరిందీ ఉంది.

చింతతోపు:
మీ తాతగారిని అనలేదండీ. కానీ ఆ లిస్టులో కిరాణీ బావమరిది పేరు ఉండేదా అని అడిగే హక్కు పాట పాడినావిడకి ఉంది కదా.

నాగావళి:
గొడవ వద్దండీ. అరిటాకు నోటంటే ఏమిటో ఎవరైనా చెప్పండి.

క్లాంగ్ కోడలు:
జపాను వాళ్ళు అచ్చేసిన డాలర్లమ్మా. పది డాలర్ల నోటు మీద అరటి చెట్టు బొమ్మ. మలయాలో దాన్ని ‘అరటి డబ్బు’ అనే పిలుస్తారు. అడ్డూ ఆపూ లేకుండా అచ్చేశారు, చివరికి బస్తాడు నోట్లకి కూడా సరుకు దొరికేది కాదు. 1945లో లొంగిపోగానే చిత్తు కాగితం.
నన్ను తొలుస్తోంది అంబలి. బర్మా, సయాం బియ్యం రావడం తగ్గిపోయాక తోటల్లో తిన్నది కర్రపెండలం. అంబలికి చోళ్ళు (రాగులు) ఎక్కడివి? ఆ పాదం శ్రీకాకుళం చేరాక కట్టినదనిపిస్తోంది.

గణపరీక్ష:
చూశారా! ఇక్కడికొచ్చాక కట్టారంటే, ఇక్కడి చెవికి సయాం ఏం తెలుసు? సాయమనే పాడి ఉంటారు. పైగా 1939లోనే సయాం పేరు థాయ్‌లాండ్ అయింది.

రేవు:
పేరు మారిందని బ్యాంకాకు వాళ్ళకి తెలుసు, మాస్టారూ. తోట కూలీకి ఎవరు చెప్పారు? ఇక ‘ఇక్కడి చెవి’ అంటారా, ఆ తీరం మన చెవికి కొత్తా? శ్రీనాథుడు హరవిలాసంలో వర్తకుడు అవచి తిప్పయసెట్టి సరుకు తెప్పించిన రేవులు చెబుతూ ‘తరుణాసీరి తవాయి’ అని ఎత్తుకోలేదూ? తరుణాసీరి అంటే తెనాసెరిమ్, బర్మా దక్షిణ తీరం. తవాయి 1942 జనవరిలో జపాను చేతికి చిక్కిన రేవు. తన్బ్యుజాయత్ కూడా ఆ తెనాసెరిమ్‌లోదే. మావ దిగిన చివరి స్టేషను మన కవిసార్వభౌముడి పద్యంలో ఉన్న సీమే.

గణపరీక్ష:
ఆహా, మత్తేభం! ‘కప్పలి జోంగు వల్లి వలికా సమ్మన్’ అని ఓడల పేర్లు గుక్కతిప్పుకోకుండా పోస్తాడు. మరొక కవి అయితే ‘నావలు’ అని సరిపెట్టేవాడు.

క్లాంగ్ కోడలు:
కప్పలి అంటే మలయు వాళ్ళ కపాల్, ఇప్పటికీ ఓడకి ఆ మాటే వాడతారు. జోంగు వాళ్ళదే. సమ్మన్ మా సంపానే, చిన్న పడవ.

గణపరీక్ష:
కప్పలి తమిళం నుంచి రాకూడదా? సమ్మన్, సంపాన్ ఒకటేనంటే నేను ఒప్పుకోను. ‘ప’ ఎక్కడికి పోయింది?

ఇసుక గడియారం:
‘మ’ పక్కన పడి కరిగిపోయింది.

నాగావళి:
అయ్యా, మా మావ సంగతి?

రేవు:
పెద్దమ్మగారిని రెండో పాదం మాటల్లో కాకుండా పాడమనండి, ఫోనులో రికార్డు చేసి పెట్టండి. ‘నోటుకి’ దగ్గర ఆగుతారో లేదో తేలుతుంది. మాస్టారూ, సమ్మన్‌కి పాత ప్రతుల్లో పాఠాంతరం ఏమన్నా ఉందా?

గణపరీక్ష:
దానికి వేరే చర్చ తెరవండి, వస్తాను. ఇక్కడ మాత్రం సాయమే.